రోగితో మాట్లాడడం కూడా వైద్యమే

(మన సంఘ వార్షిక సభలో, వైద్య విద్యలో చేరిన విద్యార్థులకు అభినందన జరిగిన సందర్భాన చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మన ఇళ్ల నుంచి వైద్య కళాశాలల్లో చేరిన పిల్లలకు సంఘం తరఫున శాలువాలు కప్పి, తలా ఒక స్టెతస్కోపు బహూకరించారు. చాలా సంతోషం. ఒక తరం క్రితం మన వాడల్లో డాక్టరయిన బిడ్డలను వేళ్ల మీద లెక్కపెట్టవలసి వచ్చేది. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషను చట్టం, తల్లిదండ్రుల పట్టుదల, ఇటువంటి సంఘాలు ఇచ్చిన చేయూత, పిల్లల కష్టం, వీటన్నిటి ఫలమే ఈ ముందు వరస.

కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి, పెద్దవాళ్లకు కూడా పనికొచ్చేవి చెప్పండి" అన్నారు. అందుచేత ఆ స్టెతస్కోపుతోనే మొదలుపెడతాము. దానితో గుండె చప్పుడు వినవచ్చు, ఊపిరి చప్పుడు వినవచ్చు. మనిషి మాట వినడానికి మాత్రం అది పనికిరాదు. పైగా రెండు చెవుల్లోనూ అది పెట్టుకొని ఉన్నప్పుడు రోగి ఏదైనా చెప్పబోతే వినపడదు కూడాను.

మేము చాలాకాలం వైద్య విద్యార్థులకు పాఠం చెప్పిన వాళ్లం. ఈ రోజు చెప్పదలచినది ఒక్కటే. రోగితో మాట్లాడడం, రోగి చెప్పేది వినడం అన్నవి డాక్టరు మంచితనానికి సంబంధించినవనీ, ఉంటే మంచిదే గాని లేకపోయినా ఫరవాలేదనీ చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పొట్ట నొక్కి చూడడం ఎలా నేర్చుకుంటారో, ఇంజక్షను చెయ్యడం ఎలా నేర్చుకుంటారో, ఇదీ అలాగే నేర్చుకోవాలి, నేర్పాలి, పరీక్ష పెట్టాలి. ఇది రాకపోతే తక్కిన వైద్యమంతా బూడిదలో పోసిన పన్నీరు కావచ్చు. అలా అయిన సంగతి ఒకటి మా సొంత అనుభవంలోనిదే ఉన్నది. ముందు అది చెబుతాము.

మేము హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో కాలవ కింద పల్లెటూరి నుంచి ఒక వ్యవసాయ కూలీ వచ్చాడు. వయసు యాభై దాటి ఉంటుంది. షుగరు వ్యాధి, కాళ్లలో స్పర్శ తగ్గింది, అరికాలి కింద చిన్న పుండు. పుండు కడిగి కట్టు కట్టాం. మందులు రాశాం. పుస్తకంలో ఉన్న జాగ్రత్తలు వరసగా చెప్పాం. "కాలు తడవనివ్వకు. చెప్పులు లేకుండా అడుగు తియ్యకు. రోజూ అరికాలు చూసుకో. పది రోజులకు మళ్లీ రా." ప్రతి మాటకూ అతను "ఆయ్, అలాగేనండి" అన్నాడు. మేమూ సంతోషించాం. బయట వరసలో ఇంకా బోలెడుమంది ఉన్నారు.

రెండు నెలల తరవాత అతన్ని నులక మంచం మీద మోసుకొచ్చారు. పాదం నల్లబడిపోయింది. మోకాలి కింద వరకు తీసేయవలసి వచ్చింది. ఆపరేషను అయ్యాక ఒకనాడు కట్టు మారుస్తూ, కాస్త కోపంగానే, "అన్నీ చెప్పాం గదయ్యా, ఎందుకు వినలేదు?" అని అడిగాం. అతను మెల్లగా అన్నాడు: "దమ్ము రోజులండి. చెప్పులేసుకుని చేలోకి ఎలా దిగుతానండి?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. మాకు తెలియని సంగతి చెబుతున్నట్టు చెప్పాడు, అంతే. అతని కేసు షీటులో వృత్తి అన్నచోట 'వ్యవసాయ కూలీ' అని మా చేత్తో మేమే రాశాం. రాసిన మాటను మేమే వినిపించుకోలేదు. "రేపు పొద్దున్నే ఏం పని మీద వెళతావు?" అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే, పని మానితే ఇల్లు గడుస్తుందా, పుండు మానేదాకా గట్టు మీద చేసే పనేదైనా దొరుకుతుందా, ఆ ఇంటి ఆడవాళ్లతో మాట్లాడవచ్చునా అని ఆలోచన సాగేది. కాలు తప్పక నిలిచేదని చెప్పలేము. కాని ఆ కాలు పోవడంలో మా వంతు ఎంతో కొంత ఉన్నదని ఈనాటికీ మా నమ్మకం. మందు తప్పు కాదు, కట్టు తప్పు కాదు. తప్పంతా మాటలోనే జరిగింది.

ఇక్కడ మన గోదావరి జిల్లాల 'ఆయ్' గురించి ఒక మాట. బయటి నుంచి వచ్చిన డాక్టర్లే కాదు, ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్లు కూడా దాంతో మోసపోతారు. మనవాడు 'ఆయ్' అన్నాడంటే అర్థమైందని కాదు, ఒప్పుకున్నాడనీ కాదు, చేస్తాడనీ కాదు. మీరు పెద్దవారు, మీరు చెబుతున్నారు, మేము వింటున్నాము అని మర్యాద చేస్తున్నాడన్నమాట. డాక్టరు ఎదుట "కుదరదండీ" అనడం మన పల్లెల్లో మర్యాద కాదు. కనుక "అర్థమైందా?" అని అడగడం శుద్ధ దండగ. దానికి జవాబు ఎప్పుడూ 'ఆయ్' అనే వస్తుంది.

ఇక పెద్దలు అడగవచ్చు, ఇన్ని స్కానింగులూ ఇన్ని రక్త పరీక్షలూ వచ్చాక ఇంకా మాటలతో పనేమిటని. 1975లో ఇంగ్లండులో ఒక పరిశీలన జరిగింది. కొత్తగా ఔట్ పేషెంటుకు వచ్చిన 80 మంది రోగులను తీసుకున్నారు. వెంట తెచ్చుకున్న ఉత్తరం చదివి, రోగి చెప్పింది విన్నమీదట డాక్టర్లు ఏ జబ్బని అనుకున్నారో, 66 మంది విషయంలో చివరకు అదే నిలిచింది. ఒళ్లు పరీక్ష చేశాక అభిప్రాయం మారింది ఏడుగురి విషయంలో. లేబొరేటరీ పరీక్షల తరవాత మారింది ఇంకో ఏడుగురి విషయంలో. ఆ తరవాత యంత్రాలు చాలా పెరిగాయి, నిజమే. కాని ఏ యంత్రం దగ్గరకు పంపాలో చెప్పేది ఈనాటికీ రోగి మాటే.

మరి ఆ మాటను సాగనిస్తున్నామా? 1984లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు డాక్టరు గదుల్లో జరిగిన సంభాషణలు రికార్డు చేసి చూశారు. రోగి తన బాధ మొదలుపెట్టాక సగటున 18 సెకండ్లకే డాక్టరు అడ్డు తగిలాడు. రోగికి వదిలేస్తే రోజంతా చెబుతాడని మన భయం. 2002లో స్విట్జర్లాండులో ఆ భయం సంగతి కూడా తేల్చారు. 335 మంది రోగులను, అడ్డు తగలకుండా, వాళ్లంతట వాళ్లు ఆగేదాకా చెప్పనిచ్చారు. సగటున పట్టిన సమయం 92 సెకండ్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల లోపే ముగించారు. రెండు నిమిషాలు! మన ఇళ్లలో చాయ్ చల్లారడానికి పట్టే సమయం కూడా కాదు.

అయితే మన దేశంలో ఆ రెండు నిమిషాలే కరువు. 67 దేశాల లెక్కలు చూసి 2017లో వెలువడిన ఒక పరిశీలనలో, స్వీడనులో డాక్టరు ఒక్కొక్క రోగితో గడిపేది సగటున 22 నిమిషాల పైమాట అయితే, మన దేశంలో సుమారు రెండు నిమిషాలని తేలింది. ఔట్ పేషెంటు ముందు వరస ఎలా ఉంటుందో మీ అందరికీ తెలుసు. ఆ వరసను పిల్లలు తగ్గించలేరు. కాని ఉన్న రెండు నిమిషాలను ఎలా వాడాలో నేర్చుకోగలరు. తొందర ఎక్కువైన చోటే ఈ విద్య ఎక్కువ అవసరం.

ఇది పడమటి దేశాల వాళ్లు ఇప్పుడు కనిపెట్టిన సంగతి అనుకోవద్దు. తొమ్మిదో శతాబ్దంలోనే ఇస్‌హాక్ బిన్ అలీ అల్ రుహావీ అనే వైద్యుడు అరబ్బీలో ఒక గ్రంథం రాశాడు. దాని పేరు 'అదబ్ అత్ తబీబ్', అంటే వైద్యుని మర్యాద. వైద్యుడు ఎలా నడుచుకోవాలి, రోగి ఎలా నడుచుకోవాలి, చూడవచ్చిన వాళ్లు ఎలా నడుచుకోవాలి అన్నవన్నీ అందులో చర్చించాడు. అదబ్ అనే మాట మనకు ఇంట్లో మాటే. పిల్లవాడు పెద్దల ముందు కాళ్లు చాపితే "అదబ్ లేదురా నీకు" అని నానీ కేకలేస్తుంది. ఆ మాటనే ఆనాటి వైద్యుడు తన వృత్తికి పేరుగా పెట్టుకున్నాడు.

మన దేశంలో చాలాకాలం ఈ అదబ్‌కు పాఠ్య ప్రణాళికలో చోటు లేదు. మా చదువు రోజుల్లో పెద్ద డాక్టరుగారి వెనక వార్డు చుట్టూ తిరగడమే పాఠం. ఆయన మంచివాడైతే మంచి అలవడేది, కసురుకునేవాడైతే అదీ అలవడేది. మంచం చుట్టూ పదిమందిమి మూగి, ఆ తల్లికి అర్థంకాని ఇంగ్లీషులో "ఈ కేసు" అంటూ ఆమె గురించే మాట్లాడుకునేవాళ్లం. ఆమె మా ముఖాలవంక ఒక్కొక్కటిగా చూసేది. ఏ ముఖంలోనైనా తన జబ్బు సంగతి తెలుస్తుందేమోనని.

2019లో ఇది మారింది. ఆ ఏడు చేరిన బ్యాచి నుంచి దేశమంతటా కొత్త పాఠ్య ప్రణాళిక అమలులోకి వచ్చింది. అందులో 'ఏట్‌కామ్' అని ఒక భాగం పెట్టారు. వైఖరి, నీతి, సంభాషణ, ఈ మూడింటికి చెందిన 27 పాఠాలు అందులో ఉన్నాయి. మొదటి ఏడే "డాక్టరు అంటే ఏమిటి, రోగి అంటే ఏమిటి" అన్న ప్రశ్నలతో మొదలవుతుంది. చేరిన కొత్తలో ఇచ్చే శిక్షణలో స్థానిక భాష కూడా చేర్చారు. 2022 నుంచి ప్రతి విద్యార్థీ పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని, చదువు కాలంలో వాళ్ల ఆరోగ్యం కనిపెట్టి ఉండాలన్న నియమమూ వచ్చింది. చాలా మంచి ఏర్పాట్లు ఇవి.

1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల వచ్చిననాడు ఉభయగోదావరి జిల్లాలలో డాక్టరు చదువుకు అదే పెద్ద దిక్కు. ఇప్పుడు రాజానగరంలో, అమలాపురంలో, ఏలూరులో ప్రైవేటు కళాశాలలున్నాయి. 2023లో రాజమహేంద్రవరంలోనూ ఏలూరులోనూ ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాయి. ఏటా వందల మంది పిల్లలు మన రోగుల మధ్యనే ఈ విద్య నేర్వబోతున్నారు. అయితే వాళ్లు ఎక్కడ నుంచి వస్తున్నారో కూడా ఆలోచించాలి. ఇంటర్మీడియట్ రెండేళ్లూ, ఆపైన లాంగ్ టర్మ్ కోచింగు ఏడాదీ హాస్టలు గోడల మధ్య పెరిగిన పిల్లలు. సీటుకు నీట్ మార్కులే ప్రమాణం. ముక్కూ మొహం తెలియని పెద్దాయనతో పది నిమిషాలు మాట్లాడే అవసరం వాళ్లకు అంతవరకు రాలేదు. అది వాళ్ల తప్పు కాదు. కాని నేర్చుకోకపోతే మాత్రం తప్పే.

ఎలా నేర్చుకోవాలి? పిల్లలారా, ఇది మీకు. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే వైద్యుడు ఒక ఉపాయం ఆలోచించాడు. మామూలు మనిషికి ఒక రోగి కథను బాగా నేర్పి, విద్యార్థి ముందు రోగిగా కూర్చోబెట్టడం. విద్యార్థి తప్పు చేసినా ఎవరికీ నష్టం లేదు. తరవాత ఆ మనిషే, "బాబూ, నువ్వు నావంక చూడకుండా కాగితం వంక చూశావు" అని చెబుతాడు. 1975లో స్కాట్లండులో రొనాల్డ్ హార్డెన్ అనే ఆచార్యుడు ఇటువంటి పనులను ఒక్కొక్క బల్ల దగ్గర ఒక్కొక్కటిగా పరీక్ష పెట్టే పద్ధతి తెచ్చాడు. ఈనాడు మన కళాశాలల్లోనూ ఆ పద్ధతి ఉన్నది. అంటే మాటతీరు పుట్టుకతో రావలసిన గుణమేమీ కాదు, సాధనతో వచ్చే పని.

సాధన చేయవలసినవి మేము మూడే చెబుతాము.

మొదటిది, కూర్చోండి. నిలబడి మాట్లాడే డాక్టరు వెళ్లిపోతున్నట్టు ఉంటాడు. మీ పేరు చెప్పి, వాళ్ల పేరు అడిగి, వయసును బట్టి "మామ్మగారూ" అనో "బాబాయ్" అనో "ఖాలా" అనో పిలవండి. "మూడో నంబరు మంచం" అనే పేరు ఏ తల్లీ బిడ్డకు పెట్టలేదు.

రెండవది, మొదటి రెండు నిమిషాలు నోరు మూసుకోండి. తరవాత "ఇంకేమైనా ఉందా?" అని అడగండి. అసలు సంగతి చాలాసార్లు అక్కడ బయటపడుతుంది.

మూడవది, తిరిగి చెప్పించుకోండి. "అర్థమైందా?" అని అడగవద్దు. "ఇంటికెళ్లాక మీ ఆవిడకు ఏం చెబుతారు? ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు?" అని అడగండి. అతను చెప్పలేకపోతే మీరు సరిగా చెప్పలేదన్నమాట. మళ్లీ చెప్పండి.

ఇక భాష సంగతి. తెలుగు మా మాతృభాషే, ఉర్దూ ఇంట్లో మాట్లాడతాం, మాకు కొత్తగా నేర్చుకునేదేముంది అనుకోవద్దు. పుస్తకం తెలుగు వేరు, రోగి తెలుగు వేరు. "విరేచనం అవుతోందా?" అని డాక్టరు అడుగుతాడు, రోజూ అవుతోందా అన్న ఉద్దేశంతో. రోగి మాత్రం నీళ్ల విరేచనాల గురించి అడిగారనుకొని "లేదండీ" అంటాడు. డాక్టరు మలబద్ధకమని రాసుకుంటాడు. "గ్యాస్ పట్టేసిందండీ" అని రొమ్ము మీద చెయ్యి వేసుకొని ఒకాయన వస్తాడు. గ్యాస్ అన్నాడు గదా అని గ్యాస్ మాత్ర ఇచ్చి పంపితే, అది గుండెపోటు అయితే? పేరు రోగి పెట్టినా, "ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, నడిస్తే ఎక్కువవుతోందా, చెమట పట్టిందా" అని విడదీసి అడగవలసింది మీరు. పీకుతోంది, సలుపుతోంది, లాగుతోంది, దేవుతోంది, గాభరాగా ఉంది, ఈ ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క అర్థం ఉన్నది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన మీ తోటి విద్యార్థులకు ఈ మాటలు మీరే నేర్పండి.

మన డెల్టాలో షుగరు రోగికి "అన్నం మానెయ్యి" అని చెప్పే డాక్టర్లున్నారు. మూడుపూటలా అన్నం తిని పెరిగిన మనిషి, పండించేదీ అదే, పండగకు వండేదీ అదే. "ఆయ్" అంటాడు. ఇంటికి వెళ్లి తింటాడు. మళ్లీ వచ్చినప్పుడు "తినడం లేదండీ" అని అబద్ధమాడతాడు. ఆ అబద్ధం మనమే నేర్పాం. "ఎంత తింటున్నారు, ఏ గిన్నెతో, రాత్రికి ఎంత తగ్గించగలరు, కూర ఎంత పెంచగలరు" అని బేరం ఆడి ఉంటే సగమైనా జరిగేది. కామెర్లకు పసరు తాగిన సంగతి దాచేదీ ఇందుకే. తిడతారని. తిట్టే డాక్టరుకు నిజం చెప్పేవాడుండడు.

మన సమాజంలో ఈ చిక్కు మరీ కనిపించేది రంజాన్ నెలలో. 13 ముస్లిం దేశాలలో పన్నెండు వేలమందికి పైగా షుగరు రోగులను 2001లో పరిశీలించారు. మాత్రల మీద ఉండే రకం షుగరు ఎక్కువగా ఉన్నవారిలో, అంటే టైప్ 2 వారిలో, నూటికి 79 మంది రోజాలు ఉన్నారని తేలింది. మన ఊళ్లలో లెక్క వేరుగా ఉంటుందని మేమనుకోము. ఈ రోగులు డాక్టరుకు చెప్పరు. చెబితే "ఉండకూడదు" అని ఒక్క మాటతో తోసేస్తారని భయం. చెప్పకుండా పొద్దుటి మాత్ర సెహ్రీకి వేసుకుంటారు, రోజంతా ఏమీ తినరు. అసర్ వేళకు షుగరు పడిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. జబ్బుపడిన వాడికి షరీఅత్‌లో సడలింపు ఉన్నదని మనందరికీ తెలుసు. కాని ఉండాలని మనసు పీకుతుంది. అదీ తెలుసు.

కాబట్టి డాక్టరైన మీరు రంజాన్‌కు నెలా రెండు నెలల ముందే అడగాలి: "ఈసారి రోజాలు ఉండాలనుకుంటున్నారా?" అని. ఉండదగిన వాళ్లెవరో, ఉంటే ప్రాణానికే ముప్పు ఉన్నవాళ్లెవరో విడివిడిగా చూడాలి. మందు వేళలు, మోతాదులు మార్చి రాయాలి. వేలి కొసన రక్తం తీసి షుగరు చూసుకుంటే రోజా పోదని ఉలమాలు చెబుతున్న సంగతి వాళ్లకు చెప్పాలి. షుగరు 70కి తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలని ఖచ్చితంగా చెప్పాలి. రోగులైన పెద్దలకు మా మనవి: సొంతంగా మాత్రలు మార్చుకోవద్దు. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

తల్లుల విషయం ఒకటి. డాక్టరు గదిలోకి కోడలు వెళుతుంది, వెంట అత్తగారు, భర్త. డాక్టరు ప్రశ్న వేస్తే జవాబు అత్తగారు చెబుతుంది. ఆ అమ్మాయి నేల చూపులు చూస్తూ కూర్చుంటుంది. తెల్లబట్ట సంగతో, నెల తప్పిన సంగతో, ఇంట్లో దెబ్బ తిన్న సంగతో అందరి ముందు ఎలా చెబుతుంది? పిల్లలారా, అత్తగారిని కసరకండి, పోరు తెచ్చుకోకండి. "అమ్మా, మీరు చెప్పింది చాలా ఉపయోగపడింది. ఇప్పుడు నర్సమ్మగారి సమక్షంలో అమ్మాయిని పరీక్ష చేస్తాం, ఐదు నిమిషాలు బయట కూర్చోండి" అనండి. మర్యాదగా అడిగితే లేచేవాళ్లే ఎక్కువ. ఉర్దూ తప్ప రాని ముసలమ్మకు పదేళ్ల మనవరాలి చేత తర్జుమా చేయించకండి. పసిపిల్ల నోట పలికించకూడని మాటలు ఉంటాయి.

ఇక చివరిది, అన్నిటికంటె కష్టమైనది, చెడ్డ కబురు చెప్పడం. క్యాన్సరు అని తేలగానే కొడుకులు డాక్టరును పక్కకు పిలిచి, "అబ్బాకు చెప్పకండి, గడ్డ అని చెప్పండి" అంటారు. ప్రేమతోనే అంటారు. కాని రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు చెయ్యి పట్టుకొని ఆ పెద్దాయన అడుగుతాడు, "బేటా, నిజం చెప్పు, నాకేమిటి జబ్బు?" అని. ఆయనకు తీర్చవలసిన అప్పు ఉండవచ్చు. రాయవలసిన వసియత్ ఉండవచ్చు. మాట్లాడని తమ్ముణ్ణి పిలిపించుకొని మాఫీ అడగవలసి ఉండవచ్చు. ఆ వ్యవధి ఆయనకు లేకుండా చేసే హక్కు డాక్టరుకు లేదు, కొడుకులకూ లేదు.

దీనికి కూడా పద్ధతి ఉన్నది. రాబర్ట్ బక్‌మన్ అనే క్యాన్సరు వైద్యుడూ ఆయన సహచరులూ 2000లో ఆరు మెట్లుగా దాన్ని ప్రకటించారు. పదిమంది లేని చోట కూర్చోవాలి. రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగాలి. కఠినమైన ఇంగ్లీషు మాటలు లేకుండా కొంచెం కొంచెంగా చెప్పాలి. దుఃఖం వస్తే రానివ్వాలి, గడియారం చూడకూడదు. చివరగా ఇకముందు చేయదగిన వైద్యమేమిటో చెప్పాలి. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న విద్యార్థి ఇదంతా తన నెత్తిన వేసుకోనక్కరలేదు. అబద్ధం ఆడకుండా, "మీకేమనిపిస్తోంది బాబాయ్?" అని అడిగి, చెప్పింది విని, పొద్దున్నే పెద్ద డాక్టరుగారికి తెలియజెయ్యాలి. చాలు.

పెద్దలకు కూడా పనికొచ్చేవి చెప్పమన్నారు గదా. చప్పట్లు కొట్టేది డాక్టర్లకే అయితే లాభం లేదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లండి. పసరు తాగినా, రోజా ఉన్నా, మాత్ర మానేసినా నిజం చెప్పండి. రోగిని ముందు మాట్లాడనివ్వండి, తరవాత మీరు మాట్లాడండి. చేయలేని పని డాక్టరు చెబితే 'ఆయ్' అనకండి. "కుదరదండీ, ఇంకో దారి చెప్పండి" అనండి. అది అమర్యాద కాదు. ఆనాడు ఆ కూలీ అన్న అలా అని ఉంటే మేము కోపపడి ఉండేవాళ్లమేమో, నిజమే. కాని కోపం ఒక నిమిషం ఉంటుంది, కాలు జన్మంతా కావాలి.

సంఘానికి రెండు సూచనలు చేసి ముగిస్తాము. మన సంఘంలో ఆస్పత్రుల చుట్టూ తిరిగి అనుభవం గడించిన పెద్దలూ తల్లులూ ఎంతోమంది ఉన్నారు. కళాశాలల వారు ఒప్పుకుంటే, వాళ్లు విద్యార్థుల ముందు రోగులుగా కూర్చొని ఈ సాధనకు సాయపడవచ్చు. చదువు రాని నానీ కూడా ఒక డాక్టరుకు పాఠం చెప్పినట్టవుతుంది. రెండవది, సంఘం తరఫున వైద్య శిబిరం పెట్టినప్పుడల్లా ఈ ముందు వరస పిల్లలను వరస చివర కూర్చోబెట్టండి. మందు రాయడానికి కాదు. మందు తీసుకొని వెళ్లే ప్రతివారినీ ఆపి, "ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు? అందుకు ఇంట్లో ఇబ్బందేమైనా ఉందా?" అని అడగడానికి. మొదటి ఏడు విద్యార్థి కూడా చేయగల పని అది. మేము ఆనాడు చేయని పనీ అదే.

పిల్లలారా, మీకు జ్ఞాపకశక్తి ఉన్నది, తెలివి ఉన్నది, అవి లేకపోతే ఈ సీటు వచ్చేది కాదు. వినే ఓపికను కూడా అల్లాహ్ మీకు ప్రసాదించుగాక. మీ చేతి మీదుగా రోగులకు స్వస్థత కలుగుగాక. ఆమీన్.